పద్నాలుగు నెలల్లో టూర్ల మీద వచ్చింది 640 రూపాయలు

విశాఖలో గోపాలపట్నం వైపు ఉండే ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆఖరి పేజీ నిండా లెక్కలే. తన పేరూ కంపెనీ పేరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి రెండూ వదిలేసి, సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 34 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. పన్నెండేళ్ల సర్వీసు, ఇద్దరు పిల్లలు. గత ఏడాది ఒక ఆదివారం ఆడపడుచు భర్త బిర్యానీ పొట్లాలు పట్టుకుని ఇంటికొచ్చి, తిన్నాక ల్యాప్‌టాప్ తెరిచారట. అదొక ట్రావెల్ క్లబ్బు. 36,000 కట్టి చేరితే గోవాలో మూడు రాత్రులు ఉచితం, దేశమంతా హోటళ్లలో డిస్కౌంటు, మన పేరు మీద ఒక వెబ్‌సైటు, 'ట్రావెల్ ఏజెంట్' అని రాసిన ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. ఆ తర్వాత నెలకు 999 కడుతూ ఉండాలి. ముగ్గురిని చేర్పిస్తే చాలు, వాళ్ల కింద వాళ్లు చేరుతూనే ఉంటారు, మనకు నిద్రలో కూడా డబ్బులొస్తాయన్నారు. ఈమె ఏదో అడగబోతే, "ఏటమ్మా, మీ అన్నయ్య నిన్ను ముంచుతాడేటి?" అన్నారట. ఆ మాటకు ఈమె నోరు మూతపడిపోయింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. భర్త నలుగురిని చేర్పించారు. అందులో ఇద్దరు ఆయన షిఫ్టులోవాళ్లే, ఒకరు పక్కింటాయన. నాలుగో మనిషి ఈమె సొంత తమ్ముడు. మూడు వారాల క్రితం వాళ్లమ్మ గాజులు కుదువపెట్టి 36,000 కట్టాడు. ఇప్పుడు దసరాలోపు 1,20,000 కట్టి పై ర్యాంకుకు వెళ్లాలని, ఆ తర్వాత ఉద్యోగం మానేయాలని భర్త ఆలోచన. ఈమె ఆధార్, పాన్ తీసుకుని ఈమె పేరు మీద కూడా ఒక ఐడీ తెరిచారు. స్కూల్లో పిల్లల తల్లిదండ్రుల నంబర్లు ఇమ్మని అడుగుతున్నారు. బీచ్ రోడ్డులోని ఒక హోటల్ హాల్లో జరిగే ఆదివారం మీటింగుకు ఈమె ఒకసారి వెళ్లి, లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగారు: "సర్, ఇందులో ట్రావెల్ మీద ఎంత వస్తుంది, మనుషుల్ని చేర్చినందుకు ఎంత వస్తుంది?" స్టేజీ మీదున్నాయన నవ్వి, "మేడమ్ ముందు నెగెటివ్ మైండ్‌సెట్ నుంచి బయటికి రావాలి" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక భర్త రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంతా రాసి ఆమె ముఖ్యంగా అడిగింది మూడు మాటలు. ఇది మోసమా కాదా? నేను గట్టిగా ఆపితే సంసారం, ఆపకపోతే డబ్బు, ఏది వదులుకోవాలి? తమ్ముడికి ఏం చెప్పాలి?

అమ్మా, ముందు మీ ఆఖరి పేజీ గురించి మాట్లాడుకుందాం. మీరు ఆ పేజీని ఏదో సిగ్గుపడుతున్నట్టు, "ఇవన్నీ చిల్లర లెక్కలే కానీ" అంటూ మొదలుపెట్టారు. ఉత్తరం మొత్తంలో గట్టి సంగతి ఆ పేజీలోనే ఉంది. చేరడానికి 36,000. నెలకు 999 చొప్పున పద్నాలుగు నెలలకు 13,986. ఆదివారం మీటింగుకు మనిషికి 300 ఎంట్రీ, ముప్పై మీటింగులకు 9,000. హైదరాబాద్‌లో జరిగిన పెద్ద సభకు రైలు, గది, టికెట్ కలిపి 11,000. కోటు, బూట్లు 6,500. మొత్తం 76,486. వచ్చిందేమో, నలుగురిని చేర్చినందుకు 21,500, టూర్ల మీద 640. ఆ 640 కూడా మీ అత్తగారి స్నేహితురాళ్ల కాశీ టికెట్లూ, అరకులో ఒక గదీ బుక్ చేసినందుకు వచ్చింది. పోయింది 54,346.

మీ వారితో గొడవ లేకుండా ఇందులో మాట్లాడగలిగిన అంకె ఆ 640 ఒక్కటే. ట్రావెల్ వ్యాపారం అని పేరు పెట్టుకున్న దానిలో, ఉత్సాహంగా పనిచేసే మనిషికి, పద్నాలుగు నెలల్లో ట్రావెల్ మీద వచ్చిన ఆదాయం అది. ఒక్క నెల ఫీజుకు కూడా చాలదు. మీ వారు బద్ధకస్తుడు కాదని మీరే రాశారు. నైట్ షిఫ్టు దిగి, నిద్ర లేకుండా జనం ఇళ్లకు తిరిగారు. అంటే లోపం ఆయన కష్టంలో లేదు.

ఇలాంటి అంకె ఇంతకుముందు ఒక కోర్టు కేసులో కూడా కనిపించింది. అమెరికాలో వైటీబీ అని ఒక ట్రావెల్ కంపెనీ ఉండేది. పద్ధతి దాదాపు ఇదే. చేరడానికి సుమారు 450 డాలర్లు, నెలనెలా 50 డాలర్లు, మన పేరు మీద వెబ్‌సైటు. 2008 ఆగస్టులో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ దాని మీద కేసు వేశారు. 2007లో ఆ వెబ్‌సైట్లు తీసుకున్న వాళ్లలో 62 శాతం మందికి ట్రావెల్ కమీషన్ ఒక్క డాలరు కూడా రాలేదని, వచ్చినవాళ్లలో సగటు మనిషికి ఏడాదికి 39 డాలర్లు వచ్చిందని, అది ఒక నెల ఫీజు కన్నా తక్కువని ఆ కేసులో చెప్పారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ పది లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. మీ కంపెనీకి దానితో సంబంధం ఉందని అనడం లేదు. మీ 640 చూడగానే ఆ 39 గుర్తొచ్చింది, అంతే.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే మన ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఉన్న ట్రావెల్ ఆఫీసులను చూడండి. వాళ్లు బతికేది దేనిమీద? విమాన టికెట్ మీద ఒకప్పుడు ఏజెంటుకు వచ్చే కమీషన్ 2008 తర్వాత దాదాపు లేకుండా పోయింది. రైలు టికెట్ మీద అధికారిక ఐఆర్‌సీటీసీ ఏజెంటు కూడా స్లీపరుకు 20, ఏసీకి 40 రూపాయల సర్వీసు చార్జీ కన్నా ఎక్కువ తీసుకోకూడదు. అందుకే వాళ్లు కాశీ రామేశ్వరం బస్సులు నింపుతారు, పెళ్లిళ్లకు బండ్లు పెడతారు, లంబసింగికి చలికాలంలో టెంపోలు తిప్పుతారు, వీసా కాగితాలు చూస్తారు. ఏటా అదే కుటుంబాలు వాళ్ల దగ్గరికే వస్తాయి. ఒక్కో బుకింగులో మిగిలేది కొంచెమే. ఆ కొంచెంలోంచి పైన నాలుగైదు వరసల మనుషులకు వాటాలు పంచి, స్టేజీ మీద కార్ల తాళాలు ఇవ్వడం కుదిరే పని కాదు. మరి ఆ తాళాల డబ్బు ఎక్కడిది? మీ వారు చేర్చిన నలుగురూ కలిసి కట్టింది 1,44,000. అందులో మీ ఇంటికి వచ్చింది 21,500. మిగతా 1,22,500 పైకి వెళ్లింది. కారు అందులో ఉందమ్మా.

మీరు మీటింగులో అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి సమాధానం ఉన్నవాళ్లయితే రెండు అంకెలు చెప్పి కూర్చునేవారు. మీ మైండ్‌సెట్ దాకా వెళ్లాల్సిన పని ఉండేది కాదు. నేనూ మన ఊళ్లో ఇలాంటి సభలకు రెండుసార్లు వెళ్లాను, ఒకసారి మొహమాటానికి, ఒకసారి కుతూహలానికి. రెండుచోట్లా ప్రశ్న అడిగినవాళ్లకు లెక్క చెప్పలేదు, వాళ్ల స్వభావం గురించి చెప్పారు.

గోవా సంగతి కూడా మీరు ఒక్క వాక్యంలో దాటేశారు కానీ, నాకు అది చాలా నచ్చింది. ఉచిత గది కోసం మూడుసార్లు తేదీలు అడిగితే రెండుసార్లు ఖాళీ లేదన్నారు. మూడోసారి దొరికితే 'యుటిలిటీ చార్జీలు' అని 5,400 కట్టించుకున్నారు. మీ అమ్మాయి అదే హోటల్ గదిని ఫోన్లో మామూలు యాప్‌లో చూస్తే రాత్రికి 1,700. మూడు రాత్రులకు 5,100. ఉచితంగా వచ్చిన గదికి 300 ఎక్కువ ఇచ్చారన్నమాట. పిల్లకు తొమ్మిదేళ్లని రాశారు. ఆ అమ్మాయిని ఆదివారం మీటింగుకు తీసుకెళ్లకండి, అక్కడ చప్పట్లు కొట్టడం నేర్పుతారు.

సరే, ఇది మోసమా? కంపెనీ కాగితాలు నేను చూడలేదు. చూసినా ఆ మాట తేల్చాల్సింది పోలీసులూ కోర్టూ. కానీ గీత ఎక్కడుందో మీకు తెలియాలి. 1978 నుంచీ మన దేశంలో మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధించే చట్టం ఉంది. మనుషుల్ని చేర్చడం మీదే సులువుగా డబ్బు వచ్చే పథకం నడిపితే మూడేళ్ల దాకా జైలు. నడపడమే కాదు, అందులో సభ్యులుగా చేరడాన్నీ పాల్గొనడాన్నీ కూడా ఆ చట్టం ఒప్పుకోదు. 2007 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక పెద్ద డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ (దుకాణాలు లేకుండా సభ్యుల ద్వారానే సరుకు అమ్మేది) వచ్చి, మేము నిజమైన సరుకు అమ్ముతున్నాం కాబట్టి ఈ చట్టం మాకు వర్తించదంది. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ తర్వాత 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్‌కు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సరుకు గానీ సేవ గానీ అమ్ముకుని కమీషన్ తీసుకోవచ్చు. పిరమిడ్ పథకం, అంటే కింద చేరేవాళ్ల డబ్బే పైవాళ్లకు పంచేది, నడపకూడదు. చేరడానికి ఎంట్రీ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోకూడదు. రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి, ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి.

కాబట్టి మీ వారు హాల్లో వినే "ఇది గవర్నమెంటు అప్రూవ్డ్" అన్న మాటకు అర్థం లేదు. కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, జీఎస్టీ నంబరు చూపిస్తారు. టీ కొట్టు పెద్దదయితే దానికీ జీఎస్టీ నంబరు ఉంటుంది. కార్డు కూడా అంతే. విమానయాన సంస్థలూ పెద్ద హోటళ్లూ ఏజెంటును గుర్తుపట్టేది ఐఏటీఏ (విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం) లాంటి గుర్తింపుతోనో, నేరుగా కుదుర్చుకున్న ఒప్పందంతోనో. క్లబ్బు అచ్చేయించిన ప్లాస్టిక్ ముక్క రిసెప్షన్‌లో చూపిస్తే నవ్వి ఊరుకుంటారు. ఇక ఆ 36,000 ఏమిటన్నది అడగండి. అది ఫీజు అయితే నిబంధనలకు విరుద్ధం. కాదు, టూర్ ప్యాకేజీ ధర అంటే, ఆ ప్యాకేజీని చేరే ఉద్దేశం లేని మామూలు మనిషి 36,000 పెట్టి కొంటాడా? మీ వీధిలో ఒక్కరు కొన్నారా? ఇంతకన్నా సూటి పరీక్ష నాకు తెలియదు.

మీ ఇంటి విషయానికొస్తే, ఇక్కడ మూడు ముళ్లు ఒకదానిలో ఒకటి పడ్డాయి. మీ పేరు మీద ఉన్న ఐడీ, మీ తమ్ముడు, మీ వారి దసరా ఆలోచన. మీరు మూడూ ఒక్కసారే విప్పబోతున్నారు కాబట్టి మాట మొదలుపెట్టగానే గొడవవుతోంది. అన్నిటికీ ఒకే తొందర లేదు.

అన్నిటికన్నా ముందు తమ్ముడు. అతను చేరి మూడు వారాలే అయింది. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల ఒప్పందాల్లో 'కూలింగ్ ఆఫ్' అని ఒక గడువు రాసి ఉంటుంది. ఆ లోపల వద్దనుకుంటే జరిమానా లేకుండా బయటికి రావచ్చు. ఎన్ని రోజులన్నది ఒప్పందంలోనే చూడాలి. అతని ఫోన్లో పీడీఎఫ్ ఉంటుంది, ఎవరూ తెరిచి ఉండరు. గడువు ఉంటే వెంటనే ఈమెయిల్‌లో, అదే మాట రిజిస్టర్డ్ పోస్టులో, "ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, నా డబ్బు తిరిగి ఇవ్వండి" అని రెండు ముక్కలు రాయించండి. ఫోన్లో చెప్పడం, బావగారికి చెప్పి పైవాళ్లకు చెప్పించడం లెక్కలోకి రావు. గడువు గడిచిపోయినా రాయమనండి, ఆ కాగితం తర్వాత పనికొస్తుంది. దీని పర్యవసానం మీకు తెలుసు. తమ్ముడు వెనక్కి వెళితే మీ వారికి వచ్చిన కమీషన్ కోసేస్తారు, చిన్నతనంగా ఉంటుంది. అందుకే ఆయన వెనకాల చేయించకండి. ముందే చెప్పండి: "మీ వ్యాపారం గురించి ఇప్పుడు మాట్లాడటం లేదు. అమ్మ గాజుల మీద వడ్డీ నడుస్తోంది, అది మాత్రం నేను చూడలేను." ఇది బావ మీద ఫిర్యాదు కాదు. మీ పుట్టింటి గాజుల సంగతి. అందులో మీ మాటకు బలం ఎక్కువ.

తర్వాత మీ ఐడీ. దీన్ని మీరు "ఊరికే పేరుకే" అని రాశారు. పేరుకే కాదమ్మా. మీ పాన్ నంబరు మీద కమీషన్ పడితే అది మీ ఆదాయం. మీ పేరు కింద ఎవరినైనా చేర్చితే, రేపు వాళ్లు స్టేషన్‌కు వెళ్లి ఇచ్చే కాగితంలో చేర్పించిన వ్యక్తిగా రాసేది మీ పేరే. మీరు నోరు తెరిచి ఎవరికీ ఒక్క మాట చెప్పకపోయినా సరే. ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చింది, మీరే చదివి చెప్పారు. దాన్ని మూయించమని మీరే కంపెనీకి మెయిలు పెట్టండి. ఇందులో మీ వారి అనుమతి అవసరం లేదు, ఆయనకు చెప్పి చేస్తే చాలు. ఆయనకు కోపం వస్తుంది. వస్తుంది, నాలుగు రోజులు ఉంటుంది. టీచరు ఉద్యోగం చేసే మనిషి పేరు మీద ఇలాంటిది ఉండటం కన్నా ఆ నాలుగు రోజులు నయం.

తల్లిదండ్రుల నంబర్లు ఇవ్వొద్దు. ఇందులో నేను రెండో మాట చెప్పను. ఆ నంబర్లు మీవి కావు, స్కూలువి.

అలాగే ఉత్తరంలో ఒక మూల రాసి వదిలేసినది ఇంకొకటి ఉంది. మీ వారు కాలనీలో వాళ్లకు తన సొంత ఐఆర్‌సీటీసీ ఖాతాలోంచి రైలు టికెట్లు తీసి, మనిషికి 50 వేసుకుంటున్నారన్నది. చేతిలో ఏజెంటు కార్డు ఉంది కదా అని ధైర్యం. అధికారిక ఏజెన్సీ లేకుండా రైలు టికెట్లు కొని అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా. క్లబ్బు గొడవ ఎలా తేలినా ఇది ఇవాళే ఆపించండి. ఈ మాట ఆయన వింటారు, ఎందుకంటే ఇందులో అన్నయ్య లేరు.

ఇక దసరా. మీ వారికి 'మోసపోయావు' అని చెబితే ఆయన వినరు, ఎందుకు వినరో కూడా మీరే రాశారు. మే నెల ఎండలో, ఆ ఉక్కపోతలో, కోటు వేసుకుని స్కూటరు మీద బీచ్ రోడ్డుకు వెళ్లేవారని. పన్నెండేళ్లుగా షిఫ్టులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లే ఉన్నారు. ఆ హాల్లో 'సర్' అన్నారు, స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన 36,000కు కొనుక్కుంది గోవా గది అయ్యుంటే ఎప్పుడో వదిలేసేవారు. దాన్ని మీరు వెక్కిరించారా అని నాకు చిన్న అనుమానం, మీ ఉత్తరంలో 'జోకరు' అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఆ మాట మళ్లీ వాడకండి.

దానికి బదులు ఆఖరి పేజీని శుభ్రంగా తిరగరాసి, తీరిగ్గా ఉన్న రోజు ఆయన ముందు పెట్టండి. వారాంతపు సెలవు రోజు, నిద్ర లేచాక. నైట్ షిఫ్టు దిగిన ఉదయం వద్దు. ఆ పేజీకి ఇంకో రెండు లెక్కలు కలపండి. ఒక మనిషిని చేర్చినందుకు ఇప్పటిదాకా సగటున 5,375 వచ్చింది. పోయిన 54,346 తిరిగి రావాలంటే ఇంకా పదిమందికి పైగా చేర్చాలి. దసరాకు కట్టే 1,20,000 తిరిగి రావాలంటే వాళ్లు కాక ఇంకో 22 మందికి పైగా, వాళ్లను చేర్చే లోపల మీరు కట్టే నెల ఫీజులు వేరే. ఆ ముప్పై చిల్లర మంది పేర్లు ఒక కాగితం మీద రాయమనండి. ఊరికే, పేర్లు. ఎనిమిదో తొమ్మిదో పేరు దాకా వేగంగా రాస్తారు. ఆ తర్వాత మీ పెదనాన్న కొడుకు వస్తాడు, పాల అబ్బాయి వస్తాడు.

రెండో లెక్క కొంచెం చిత్రంగా ఉంటుంది. ప్రతివాళ్లూ ముగ్గురిని తెస్తారనుకుందాం, ఎక్కడా ఎవరూ ఫెయిల్ కాలేదనుకుందాం. పదమూడో వరసకు దాదాపు 16 లక్షల మంది కొత్తవాళ్లు కావాలి. 2011 జనాభా లెక్కల్లో మన నగరం మొత్తం, చంకలో పిల్లలతో సహా, 17 లక్షల పైచిలుకు. ఇది అందరూ చెప్పే లెక్కే, వాళ్లు దీనికి సమాధానం సిద్ధం చేసుకునే ఉంటారు: "అంతవరకూ పోదు సార్, మనం మొదట్లోనే ఉన్నాం" అని. అయితే ఇలా అడగండి: ఎక్కడ ఆగినా సరే, ఆగిన రోజున ఆఖరి వరసలో ఎంతమంది ఉంటారు? మూడేసి చొప్పున పెరిగే దేనిలోనైనా మొత్తం మనుషుల్లో మూడింట రెండొంతులు ఆఖరి వరసలోనే ఉంటారు. నాలుగో వరసలో ఆగినా అంతే, పద్నాలుగో వరసలో ఆగినా అంతే. కింద ఎవరూ లేని వాళ్లు. మీ తమ్ముడు ఇప్పుడు ఉన్నది అక్కడే.

ఇది చూశాక కూడా ఆయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీ ముందు రెండు మూడు దారులుంటాయి. ఒకటి, పందెం లాంటి ఒప్పందం: మూడు నెలలు ఎవరినీ చేర్చొద్దు, కొత్తగా పైసా కట్టొద్దు, టూర్లు మాత్రమే అమ్మి చూడండి, నెలకు 999 పైన ఎంత మిగిలితే అంత మీ ఇష్టం అనండి. దీనివల్ల దసరా తేదీ దాటిపోతుంది, ఆయన మాటా పోదు. నష్టం మూడు వేలు. పైనుంచి ఒత్తిడి మాత్రం విపరీతంగా ఉంటుంది, 'ఆఫర్ పోతోంది' అని రోజూ ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్లను ఆయన కూడా గమనించడం మంచిదే. ఇంకో సంగతి, ఈ మూడు నెలల్లో ఆయనకు నిజంగానే టూర్లు అమ్మడం ఇష్టమని తేలితే దానికి క్లబ్బు అక్కర్లేదు. కార్తీక మాసంలో కాలనీ వాళ్లను పోగేసి బస్సు మాట్లాడగల మనిషైతే, ఏ ట్రావెల్ ఆఫీసువాళ్లయినా వాటా ఇచ్చి పెట్టుకుంటారు.

రెండో దారి, మీరు గట్టిగా వద్దని డబ్బు చేతికి ఇవ్వకపోవడం. పిల్లల చదువు డిపాజిట్ మీద మీ సంతకం కూడా కావాలని రాశారు. ఆ సంతకం పెట్టకుండా ఉండే హక్కు మీకుంది. అయితే ఆయన బయట అప్పు చేసే ప్రమాదం ఉంది, మీకు తెలియకుండా. అందుకే దీన్ని మొదట వాడొద్దంటాను. మొదటి దారి విఫలమైతే మాత్రం మొహమాటపడకండి. ఉద్యోగం మానడం దగ్గర ఇంకా గట్టిగా ఉండండి. జీతం, పీఎఫ్, పిల్లలకు ఈఎస్ఐ ఇవన్నీ వదిలేసేది 640 కోసం కాకూడదు. షిఫ్టులో వాళ్లను చేర్చిన సంగతి మేనేజ్‌మెంటుకు తెలిస్తే ఏమవుతుందో ఆయన అపాయింట్‌మెంట్ ఆర్డరు ఒకసారి తీసి చదవమనండి. చాలా ఆర్డర్లలో వేరే వ్యాపారం చేయకూడదని ఉంటుంది.

మూడోది, ఫిర్యాదు. కట్టిన డబ్బు తిరిగి అడుగుతూ ముందు కంపెనీకి రాయాలి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మీ వారికి పద్నాలుగు నెలలు అప్పుడే గడిచాయి. మీరు వ్యాపారం కోసం చేరారు కాబట్టి వినియోగదారులు కారని వాళ్లు వాదించొచ్చు, ఆ చిక్కు ఉంది. గోవా గది దగ్గర ఆ వాదన అంత తేలిగ్గా నిలవదు. పోలీసుల దగ్గరికి వెళ్లడం ఇంకా పెద్ద అడుగు. అక్కడ మీ వారు నష్టపోయిన మనిషిగానూ, నలుగురిని చేర్చిన మనిషిగానూ రెండు విధాలా కనబడతారు. అందుకని వెళ్లే ముందు ఒక వకీలుతో గంట కూర్చోండి. ఏ దారిలో వెళ్లినా రసీదులు, బ్యాంకు ఎంట్రీలు, గ్రూపుల్లో వచ్చిన మెసేజులు ఇప్పుడే దాచిపెట్టండి. గ్రూపులోంచి తీసేశాక అవి దొరకవు.

అన్నయ్య గురించి మీరు చాలా బాధపడ్డారు. ఆయన మిమ్మల్ని ముంచడానికి బిర్యానీ తెచ్చారని నేననుకోను. ఆయన మీద కూడా ఎవరో ఉన్నారు, ఆయన ఇంట్లోనూ ఒక కోటు ఉంది. మా ఇంట్లో ఇలాగే ఒకసారి అయస్కాంతాల పరుపు వచ్చింది. ఒక దగ్గరి బంధువు అమ్మాడు, కాళ్ల నొప్పులు పోతాయని. నొప్పులు అలాగే ఉన్నాయి, ఆయనతో మాటలు మాత్రం మూడేళ్లు లేవు. తర్వాత తెలిసింది, ఆయన ఇంట్లో అలాంటివి నాలుగున్నాయని. పరుపు ఇంకా మా అటక మీదే ఉంది. కాబట్టి మీ వదినతో విడిగా, లెక్కలు లేకుండా, ఒకసారి మాట్లాడి చూడండి: "వదినా, మీకు నిజంగా ఎంత వచ్చింది?" అని. ఆమె కూడా ఎక్కడో ఆఖరి పేజీలో రాసుకునే ఉంటుంది. రాసుకోలేదంటే, కోపం తెచ్చుకుందంటే, ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. పండక్కి ఎప్పటిలాగే వెళ్లండి.

మీ వారు చేర్చిన షిఫ్టువాళ్లు ఇద్దరూ, పక్కింటాయనా మిగిలారు. మీకు వచ్చిన 21,500లో వాళ్ల వాటా తిరిగి ఇవ్వాలా అని కూడా అడిగారు. చట్టం ముందు ఏమవుతుందో వకీలు చెబుతాడు. నన్నడిగితే, ఇప్పుడే డబ్బు తీసి ఇవ్వక్కర్లేదు. నెల ఫీజు ఇంక కట్టొద్దని మీ వారే వాళ్లకు చెప్పగలిగితే అదే పెద్ద విషయం. పక్కింటాయన రోజూ గేటు దగ్గర కనబడతారు కదా, అక్కడ మొదలవ్వొచ్చు.

ఈ ఉత్తరం అచ్చయ్యేసరికి ఇంకో ఆదివారం గడిచిపోతుంది. తమ్ముడి పీడీఎఫ్ మాత్రం ఈ రాత్రే తెరిపించండి.